నలభై దాటాక బరువులు: రోజుకో భాగమా, ఒళ్లంతా ఒకేసారా?

నెల్లూరులో ఏ జిమ్‌కైనా సోమవారం సాయంత్రం ఏడింటికి వెళ్లి చూడండి. బెంచీ దగ్గర వరస కట్టి ఉంటారు. సోమవారం అంటే 'చెస్ట్ డే'. కాళ్ల కసరత్తుకు పెట్టిన స్క్వాట్ రాక్ మాత్రం చొక్కాలు తగిలించుకోవడానికి పనికొస్తుంటుంది. కాలేజీ కుర్రాళ్ల మధ్య ఈ మధ్య నలభై ఐదు, యాభై ఏళ్లవాళ్లు కూడా ఆ వరసలో కనిపిస్తున్నారు. షుగరు బయటపడ్డాకో, మెట్లెక్కుతుంటే మోకాలు కలుక్కుమన్నాకో, "స్టేడియంలో నడక ఒక్కటే చాలదండీ, కాస్త బరువులు కూడా ఎత్తండి" అని డాక్టరు చెప్పాకో వచ్చినవాళ్లు. వాళ్ల చేతికీ మాస్టరు అదే చీటీ ఇస్తాడు: సోమవారం ఛాతీ, మంగళవారం వీపు, బుధవారం భుజాలు, గురువారం చేతులు, శుక్రవారం కాళ్లు. ఆ శుక్రవారం చాలామందికి ఎప్పటికీ రాదనుకోండి, అది వేరే సంగతి.

ఈ చీటీని జిమ్ భాషలో స్ప్లిట్ అంటారు. ఒంటిని ముక్కలుగా విడగొట్టి రోజుకో భాగానికి పని చెప్పడం. రెండో పద్ధతి ఫుల్ బాడీ. వారానికి రెండు మూడు రోజులే వెళ్లి, వెళ్లిన ప్రతిసారీ కాళ్లు, వీపు, ఛాతీ, భుజాలు, పొట్ట అన్నిటికీ కొంత కొంత పని చెప్పడం. నడివయసులో మొదలుపెట్టేవాళ్లు ఈ రెండిట్లో ఏది పట్టుకోవాలన్నది ప్రశ్న.

ముందు ఆ చీటీ ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. 1947లో మిస్టర్ అమెరికా అయిన స్టీవ్ రీవ్స్ వారానికి మూడు రోజులే బరువులెత్తేవాడు, ఎత్తిన రోజు ఒళ్లంతటికీ పని ఉండేది. అప్పట్లో మామూలు పద్ధతి అదే. మన తాలింఖానాల్లోనూ అంతే. దండీలు, బస్కీలు, కర్రసాము అన్నీ ఒకే పూట. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి నాయుడు కాలంలో ఛాతీకి ఒక రోజు, కాలికి ఒక రోజు కేటాయించుకోవడం ఎవరికీ తెలీదు. రోజుకో భాగం పద్ధతి పోటీ బాడీబిల్డర్లతో ఊపందుకుంది. ఏడుసార్లు మిస్టర్ ఒలింపియా గెలిచిన ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ తన మంచి రోజుల్లో వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు పూటలా జిమ్‌లో ఉండేవాడు. ఆయనకది ఉద్యోగం. పైగా ఆ రోజుల్లో స్టెరాయిడ్లు వాడినట్టు తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ జాతి షెడ్యూలు పత్రికల్లో, పోస్టర్లలో, ఇప్పుడు రీల్సులో చేతులు మారి మారి మన నెల్లూరు మినీ బైపాస్ దాకా వచ్చింది. అది తప్పుడు షెడ్యూలేమీ కాదు. ఇరవై ఏళ్ల వయసు, ఖాళీ సాయంత్రాలు, కండ కండా విడిగా కనబడాలన్న కోరిక ఉన్నవాడి కోసం రాసుకున్నది.

నలభై దాటినవాడి అవసరం వేరు. ముప్పై ఏళ్ల తర్వాత పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ కరుగుతుందని వైద్యుల అంచనా. అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుంది. దీనికి సార్కోపీనియా అని పేరు పెట్టింది 1989లో. అంటే అది అరిగిపోయే వయసు లక్షణమని ఊరుకోక, పట్టించుకోవలసిన సమస్యగా చూడటం మొదలై నలభై ఏళ్లు కూడా కాలేదు. బలం కండకన్నా ముందు తగ్గుతుంది, చురుకు బలంకన్నా ముందు తగ్గుతుంది. జారబోయి నిలదొక్కుకోవాలంటే కావలసింది ఆ చురుకే. ఇక షుగరు సంగతి. అన్నం తిన్నాక రక్తంలోకి చేరే గ్లూకోజును ఎక్కువగా లాక్కునేవి కండరాలు. కండ తగ్గితే ఆ గ్లూకోజు నిలవుండే చోటు తగ్గినట్టే. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో తేల్చింది. మూడు పూటలా అన్నమే తినే మన కోస్తాలో ఈ మాటకు వివరణ అక్కర్లేదు.

ఆలస్యమైపోయిందేమో అన్న బెంగ కూడా అక్కర్లేదు. 1990లో అమెరికాలో ఒక వృద్ధాశ్రమంలో తొంభై ఏళ్లవాళ్లచేత ఎనిమిది వారాలు కాళ్ల బరువులెత్తించారు. కొద్దిమందే, కానీ వాళ్ల కాళ్ల బలం సగటున రెండున్నర రెట్లకు పైగా అయింది. తొంభైలో స్పందించే కండరం యాభైలో మొరాయించదు.

ఇప్పుడు అసలు విషయం. బరువెత్తినప్పుడు కండరానికి పని తగిలి, అది తనను తాను కట్టుకునే పని మొదలుపెడుతుంది. ఆ హడావుడి ఒకటి రెండు రోజులుంటుంది, ఆ తర్వాత చల్లబడుతుంది. సోమవారం ఒక్కరోజే ఛాతీకి తొమ్మిది సెట్లు, అంటే తొమ్మిది విడతలు, కొడితే బుధవారానికి పని ఆగిపోతుంది, మళ్లీ సోమవారం దాకా ఖాళీ. అవే తొమ్మిది సెట్లను మూడు రోజులకు మూడేసి చొప్పున పంచితే వారమంతా ఏదో ఒక పని నడుస్తూనే ఉంటుంది. విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల రైతులు ఎవరూ రోజు మేతంతా పొద్దున్నే గుంటలో కుమ్మరించరు, పూటలవారీగా చల్లుతారు. ఇదీ ఆ లెక్కే.

అయితే ఇక్కడ ఫుల్ బాడీ పక్షం వాళ్లు తొందరపడి గెలిచామనుకోకూడదు. 2016లో బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసి, ఒక కండరానికి వారానికి ఒకసారి కన్నా రెండుసార్లు పని చెబితే కండ ఎక్కువ పెరుగుతోందని చెప్పింది. 2019లో అదే బృందం మరిన్ని అధ్యయనాలు చేర్చి చూసినప్పుడు ఇంకో మాట తేలింది. వారం మొత్తం మీద చేసే సెట్లు సమానంగా ఉంటే, ఒకరోజే చేసినా మూడు రోజులకు పంచినా పెద్ద తేడా లేదు. లాబొరేటరీలో రెండూ సమానమే అన్నమాట.

లాబొరేటరీలో ఎవరూ సెలవు పెట్టరు. తేడా వచ్చేది ఆ సెలవుల దగ్గరే, నడివయసువాడి నిర్ణయం ఆధారపడేదీ అక్కడే. మన తీరం క్యాలెండరు ఒకసారి తిరగేయండి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం. జిల్లాకు ప్రధానమైన వాన అప్పుడే, వాయుగుండాలూ అప్పుడే. మైపాడు, కోడూరు రోడ్ల మీద నీళ్లు నిలిస్తే సాయంత్రం జిమ్ మాట ఎవరెత్తుతారు? సంక్రాంతికి వారం పోతుంది. ఎండాకాలం పెళ్లిళ్లు. రొయ్యల రైతుకైతే నిద్రే ఒక పద్ధతిలో ఉండదు. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోయే వేళకు కరెంటు పోయిందంటే జనరేటరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. రొయ్యల పట్టుబడి రోజుల్లో రాత్రంతా గట్టు మీదే. మర్నాడు ఆయన భుజాలకు కేటాయించిన బుధవారమైనా సరే, ఏ భుజాలతో వెళ్తాడు?

ఇప్పుడు ఒక్క రోజు తప్పిందనుకుని లెక్క వేయండి. స్ప్లిట్‌లో సోమవారం తప్పితే ఆ వారం ఛాతీకి సున్నా. ఫుల్ బాడీలో సోమవారం తప్పినా మిగిలిన రెండు రోజుల్లో ఆరు సెట్లు పడతాయి, అన్ని కండరాలకూ పడతాయి. రెండు రోజులు తప్పినా మూడు సెట్లు మిగులుతాయి. అయిదు రోజుల స్ప్లిట్ పెట్టుకుని నిజానికి మూడు రోజులే వెళ్లగలిగేవాళ్లకు ప్రతి వారం రెండు భాగాలు గల్లంతవుతాయి. అవి ఎప్పుడూ ఇష్టం లేని భాగాలే. కాళ్లు అందులో మొదటివి. యాభై దాటాక ఛాతీ కాస్త పలచబడ్డా ఎవరికీ నష్టం లేదు. కింద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేవలేకపోతే మాత్రం ఇంట్లో అందరికీ తెలిసిపోతుంది.

అందుకే నా మాట ఇదీ. ఏ పద్ధతినైనా అది బ్రహ్మాండంగా సాగిన వారంలో ఎంత ఇస్తుందని చూడొద్దు, చెడిపోయిన వారంలో ఎంత మిగులుస్తుందో చూడండి. ఆ పరీక్ష పెడితే మొదలుపెట్టిన ఏడాదీ ఏడాదిన్నరా ఫుల్ బాడీదే పైచేయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన కూడా దీనికి దగ్గరగా ఉంది: ప్రధాన కండరాలన్నిటికీ వారంలో కనీసం రెండు రోజులు పని. ఏ భాగం ఏ రోజన్నది వాళ్లు చెప్పలేదు.

ఆ రెండు మూడు రోజుల్లో చేయాల్సింది ఎక్కువేం లేదు. కూర్చుని లేచేది ఒకటి, అంటే స్క్వాట్. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీ మీద నుంచి లేవడంతో మొదలుపెట్టవచ్చు. నేల మీది బరువు ఎత్తేది ఒకటి. ముందుకు నెట్టేది ఒకటి, దండీలైనా సరే డంబెల్ ప్రెస్ అయినా సరే. తన వైపు లాగేది ఒకటి. బరువు చేత్తో పట్టుకుని నడవడం ఒకటి. ఒక్కోటి రెండు మూడు సెట్లు, సెట్టుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు. ఇంకో రెండు మూడు సార్లు ఎత్తగలను అనిపించే దగ్గర ఆపేయాలి. చేతులు వణికేదాకా, మాస్టరు "ఇంకొక్కటి అన్నా, ఇంకొక్కటి" అని అరిచేదాకా పోనక్కర్లేదు. ముప్పావు గంటలో ఇంటికి రావచ్చు. పన్నెండు సార్లు తేలిగ్గా వస్తున్నాయంటే బరువు కొద్దిగా పెంచాలి. ఈ కొద్దికొద్దిగా పెంచే పద్ధతికి శాస్త్రీయంగా రూపమిచ్చింది రెండో ప్రపంచ యుద్ధ కాలంలో థామస్ డిలార్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు, అదీ దెబ్బతిన్న సైనికుల మోకాళ్లు బాగుచేయడానికి. ఇందులో మొదటి లబ్ధిదారులు వస్తాదులు కారు, రోగులే.

ఆ అయిదింట్లో నేల మీది బరువు ఎత్తడమే అందరూ భయపడేది, అందరికీ అవసరమైంది కూడా. ఇందుకూరుపేట వైపు గుంట గట్టు మీద 25 కిలోల మేత బస్తా ఎత్తే మనిషిని గమనించండి. అడుగు దూరంలో నిలబడి, కాళ్లు కర్రల్లా పెట్టి, వీపు విల్లులా వంచి, చేతులు చాపి లాగుతాడు. ఆ క్షణంలో నడుము మీద పడేది 25 కిలోలు కాదు, దూరం వల్ల దానికి ఎన్నో రెట్లు. సరైన పద్ధతికి జిమ్‌లో పేరు డెడ్‌లిఫ్ట్. బస్తాకు ఆనుకుని నిలబడాలి. పాదాలు తుంటి వెడల్పున ఉండాలి. వెనక ఉన్న తలుపును పిరుదులతో మూస్తున్నట్టు తుంటిని వెనక్కి పోనిచ్చి, మోకాళ్లు కొంచెం మడిచి, వీపు తిన్నగా ఉంచి కిందికి దిగాలి. ఊపిరి నింపి పొట్ట బిగించి, కాళ్లతో నేలను తొక్కుతూ లేవాలి. బస్తా పైకి వచ్చేంతసేపూ తొడలకు రాసుకుంటూ రావాలి. జిమ్‌లో పది కిలోలతో ఇది ఒంటికి పట్టించుకుంటే గట్టు మీద బస్తా దానంతటదే సర్దుకుంటుంది. సిక్కోలు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిందంటే, ఆ ఎత్తు మొదలయ్యేది కూడా ఇలాగే, నేలను తొక్కడంతో. ఆ ఆటలో చేతులకో రోజు, కాళ్లకో రోజు అనే మాటే లేదు.

మల్లీశ్వరి పేరు వచ్చింది కాబట్టి ఆడవాళ్ల గురించి కూడా. మన ఊళ్లలో ఇంకా "ఆడవాళ్లకి బరువులేంది?" అనేవాళ్లున్నారు. నెలసరి ఆగాక ఎముక వేగంగా పలచబడుతుంది, దానికి బరువే మందు. ఆస్ట్రేలియాలో గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎముకలు పలచబడ్డ, నెలసరి ఆగిన మహిళలతో ఎనిమిది నెలలు ఒక ప్రయోగం చేసి 2018లో ఫలితం ప్రకటించారు. వారానికి రెండు రోజులు, రోజుకు అరగంట. డెడ్‌లిఫ్ట్, స్క్వాట్, తలపైకి ఎత్తడం, కొంత గెంతడం. దగ్గరుండి చేయించారు, బరువులు నిజంగానే పెద్దవి. పోలిక కోసం ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసినవాళ్ల నడుము ఎముక సాంద్రత తగ్గగా, వీళ్లది పెరిగింది. గమనించారా, అదీ ఒళ్లంతటి పద్ధతే, అదీ రెండు రోజులే. దగ్గరుండి చూసే మనిషి లేకుండా మాత్రం అంత బరువు జోలికి పోవద్దు.

మరి స్ప్లిట్ ఎవరికి? ఏడాది పాటు ఫుల్ బాడీ చేసి, బరువులు పెరిగి, ముప్పావు గంట కాస్తా గంటంబావు అవుతున్నవాళ్లకు. భారీ స్క్వాట్ అయ్యాక ఇక దేనికీ ఓపిక మిగలనివాళ్లకు. భుజమో మోకాలో నొప్పి ఉండి, ఒక భాగానికి విశ్రాంతినిస్తూ మిగతాది సాగించాల్సినవాళ్లకు. అన్నిటికన్నా ముఖ్యం, వారానికి నాలుగు రోజులు తప్పకుండా వెళ్తామని ఆరు నెలలుగా రుజువు చేసుకున్నవాళ్లకు. అప్పుడైనా అయిదు ముక్కలు వద్దు. రెండు ముక్కలు చాలు: ఒకరోజు నడుము పైన, మరోరోజు నడుము కింద, మళ్లీ అదే వరస. ప్రతి కండరానికీ వారంలో రెండుసార్లు పని పడుతుంది కాబట్టి పైన చెప్పిన లెక్క చెడదు. స్ప్లిట్ చేస్తేనే ఉత్సాహంగా ఉంటుందనే మనిషికి నేను అడ్డు చెప్పను. ఇష్టంగా వెళ్లే మనిషి ఏ పద్ధతిలోనైనా బాగుపడతాడు.

ఒళ్లొంచి బతికేవాళ్ల లెక్క కొంచెం వేరు. "రోజంతా వల లాగుతా, నాకు మళ్లీ కసరత్తేంది?" అని అడిగితే ఆ అడగడంలో న్యాయముంది. కాకపోతే పని బలాన్ని ఒకే వైపు ఇస్తుంది. అలివి వల లాగేవాడికి చేతులు, వీపు ఉక్కులా ఉంటాయి, నెట్టే కండరాలు, తుంటి వెనకబడతాయి. కృష్ణపట్నం వైపు మూటలు మోసేవాడికి ఒక భుజమే ముందుంటుంది. పైగా పనిలో బరువు మనకు తగ్గట్టు నెమ్మదిగా పెరగదు, ఉన్నంతా ఒకేసారి మీద పడుతుంది. వీళ్లు ఫుల్ బాడీనే చేస్తూ, లాగే వ్యాయామం తగ్గించి, నెట్టేవీ కాళ్లవీ ఉంచుకుంటే సరిపోతుంది.

జాగ్రత్తలు కొన్ని. బీపీ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టి ఎత్తకూడదు, ఎత్తుతూ వదలాలి, పెద్ద బరువులకు ముందు బీపీ అదుపులో ఉండాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు వ్యాయామం తర్వాత షుగరు పడిపోవచ్చు, జేబులో చక్కెరో గ్లూకోజో ఉండాలి. ఛాతీలో బరువుగా ఉన్నా, ఎప్పుడూ లేని ఆయాసం వచ్చినా ఆ రోజు జిమ్ లేదు, ఆస్పత్రే. మే నెలలో మన ఉక్కపోతకు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, కాబట్టి తెల్లవారుజామునే ముగించుకోవాలి. కండ తొందరగా బలపడుతుంది, దాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటి స్నాయువులు నెమ్మది. రెండో నెలలో "నాకేం, ఎంతైనా ఎత్తుతా" అనిపించినప్పుడే మోచేయి పట్టేస్తుంది.

తిండి గురించి రెండు ముక్కలు. ఐసీఎంఆర్, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దవాళ్లకు చెప్పే ప్రొటీను కిలో బరువుకు 0.83 గ్రాములు. డెబ్బై కిలోల మనిషికి 58 గ్రాములన్నమాట. బరువులెత్తే నడివయసువాళ్లకు 1.2 నుంచి 1.6 దాకా మంచిదని ఎక్కువమంది నిపుణులు అంటారు. గుడ్డులో 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో దాదాపు 20. చేపల పులుసుకు పేరుబడ్డ జిల్లాలో డబ్బా పౌడరు కొనేముందు పులుసులో ముక్కలు పెంచి అన్నం తగ్గించుకోవచ్చు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరునడిగే పెంచాలి.

చివరగా వేట మీద బతికే ఊళ్ల సంగతి. జువ్వలదిన్నె, తుమ్మలపెంట, ఇస్కపల్లి లాంటి చోట్ల ఏడాదికొకసారి తప్పని సెలవు ఉంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవలకు వేట నిషేధం. అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనం ఇక్కడ పనికొస్తుంది. నాలుగు నెలలు వారానికి మూడు రోజులు బరువులెత్తినవాళ్లను తర్వాత వారానికి ఒక్కరోజుకు తగ్గించారు. కుర్రాళ్లకు కండా నిలిచింది, బలమూ నిలిచింది. అరవై దాటినవాళ్లకు బలం చాలావరకు నిలిచింది గానీ, పెరిగిన కండ జారిపోయింది. అంటే వయసు పెరిగేకొద్దీ నిలబెట్టుకోవడానికి కూడా ఒకరోజు చాలకపోవచ్చు, రెండు ఉంటే మంచిది. కాబట్టి ఏడాదిగా చేస్తున్నవాళ్లు నిషేధం రెండు నెలలూ వారానికి నాలుగేసి రోజులు పైన, కింద అని విడగొట్టుకుని చేయవచ్చు, తీరిక ఉంది కనుక. జూన్ 15న పడవ కదిలాక అదే మనిషి వారానికి రెండు పూటల ఫుల్ బాడీకి దిగిపోవాలి. మొదటి వారం బరువు మూడో వంతు తగ్గించుకోవాలి, ఎందుకంటే రెండు నెలలు వలకు దూరంగా ఉన్న భుజాలకు వల బరువు మళ్లీ కొత్తగా తగులుతుంది.